ఉమాకాంత్‌కి ఎడమ పక్కన

చిక్కడపల్లిలో కారు నేర్చుకున్న ఆడవాళ్లలో సగం మందికి ఉమాకాంత్ ముఖం సరిగ్గా గుర్తుండదు. ఎడమ చెవి పక్కన వినిపించిన గొంతు మాత్రం గుర్తుంటుంది. "క్లచ్ మెల్లగ ఇడువమ్మా. అద్దం చూసినవా? చూడలే. మల్ల చూడు." పద్దెనిమిదేళ్లు ఆ గొంతు అదే పాట పాడింది. తండ్రి పేరు మీద ఇంద్రసేన మోటార్ డ్రైవింగ్ స్కూల్ అని బోర్డు పెట్టుకున్నాడు. ఒక గది, ఒక పాత మారుతి, ఇద్దరు పట్టే బెంచీ, అంతే స్కూలు. ఆ మారుతిలో ఎడమ సీటు కింద ఇంకో బ్రేకు ఉండేది. నేర్చుకునేవాళ్లు కంగారు పడితే తొక్కడానికి ఉమాకాంత్ కుడికాలు ఎప్పుడూ దాని మీదే ఉండేది. తన బండి ఎవరికీ ఒక్క గీత కూడా పెట్టలేదని చెప్పుకునేవాడు. అది నిజమే.

నా పేరు వీరరాఘవరావు. నారాయణగూడలో అన్నపూర్ణ ఆప్టికల్స్ నాదే. అన్నపూర్ణ మా ఆవిడ. మా నాన్న గుంటూరు నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డాడు. నేను పుట్టింది ఇక్కడే, కానీ మా ఇంటి మాట మాత్రం అక్కడిదే. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. అద్దాలు చేయించుకుని, పెట్టుకోకుండా, పెట్టుకుంటున్నామని నా ముఖం మీదే అబద్ధం చెప్పేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు నేనూ ఉమాకాంత్ దగ్గర కారు నేర్చుకున్నాను, తొమ్మిది రోజులు. తొమ్మిదో రోజు ఆర్టీసీ బస్సు పక్కకి రాగానే స్టీరింగ్ వదిలేసి రెండు చేతులూ గాల్లోకి ఎత్తాను. ఆ రోజు నుంచి నేను ఆటోల్లో తిరుగుతున్నాను, ఉమాకాంత్ నాకు స్నేహితుడయ్యాడు.

పెళ్లికి ముందు అతను వేరే మనిషి. ముషీరాబాద్‌లో ఈదయ్య అనే మెకానిక్ జిప్సీ జీపు ఇంజను తెచ్చి, ఫైబర్ బాడీ పోసి, పైకప్పు లేని రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి తయారుచేశాడు. ఏడాదికి మూడుసార్లు దాన్ని లారీ మీద మద్రాసు అవతలి రేసు ట్రాకుకి తీసుకెళ్లి ఉమాకాంత్ నడిపేవాడు. జీతం కోసం కాదు, పేరు కోసం కూడా కాదు. అక్కడ అతనిలాంటి వాళ్లు చాలామందే ఉండేవారట, బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు, పళ్ల డాక్టర్లు, సరదా కోసం నడిపేవాళ్లు. తండ్రి పోయాక ఇల్లు అతని మీద పడింది. ఎర్రకారు అంబర్‌పేటలో చెల్లెలి ఇంటి షెడ్డులో టార్పాలిన్ కిందికి వెళ్లింది. ఉమాకాంత్ ఎడమ సీట్లోకి వెళ్లాడు.

2012 జూన్‌లో, దగ్గర చూపుకి అద్దాలు కావాలని నా షాపుకి వచ్చాడు. వస్తూనే గుమ్మం పక్కన ఉన్న స్టూలుకి మోకాలు గుద్దుకుని, దాన్ని తిట్టాడు. అది పదేళ్లుగా అక్కడే ఉంది. కూర్చోబెట్టి అక్షరాల బోర్డు చూపించాను. చివరి వరస గడగడా చదివాడు. దాని కింద అచ్చువేసినవాడి పేరు కూడా చదివి, "గద్ద కండ్లన్నా నావి" అని నవ్వాడు.

నేను ఫ్రేముల ట్రే ఎడమ వైపు పెట్టాను. అతను కౌంటరంతా తడిమి, "ఏడవెట్టినవ్?" అన్నాడు. ట్రే అతని మోచేతికి జానెడు దూరంలో ఉంది.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఎదురుగా కూర్చుని, ఒక కన్ను మూసుకోమని, నా ముక్కు వైపే చూడమన్నాను. చెవి పక్కనుంచి నా వేళ్లు ఆడిస్తూ మెల్లగా ముందుకు తెచ్చాను. కనిపించగానే చెప్పమన్నాను. ఎవరైనా వెంటనే చెప్పేస్తారు. ఉమాకాంత్ చెప్పలేదు. నా వేళ్లు ఆడుతూ ఆడుతూ సగం దూరం వచ్చేశాయి.

"పెట్టన్నా చెయ్యి, ఎంతసేపు కూసోవాలె?" అన్నాడు.

రెండో కన్ను చూశాను. అదీ అంతే.

గ్లాకోమా. పెద్దవాళ్లు నీటికాసులు అనేవారు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. అంచుల నుంచి చూపుని మెల్లగా తినేస్తూ వస్తుంది. నడిమి చూపు చివరిదాకా బాగుంటుంది కాబట్టి మనిషికి తెలియదు. పెద్ద కంటి ఆసుపత్రికి నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. వాళ్లిచ్చిన కాగితం మీద చుట్టూ నలుపు, మధ్యలో రూపాయి బిళ్లంత తెలుపు. పోయింది తిరిగి రాదని, చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలవొచ్చని, బండి మాత్రం ముట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. ఉమాకాంత్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు.

"నీ షాపులనే ఉంచు. అరుంధతికి చెప్పకు."

అరుంధతి అతని భార్య. చెప్పి తీరాలని నేను అరిచాను. అతను బతిమాలాడు. నేను ఒప్పుకున్నాను. ఆ ఏడాది నేను ఒప్పుకుని చేసిన మొదటి తప్పు అది.

మారుతి నడపనని మాటిచ్చాడు కానీ నేర్పడం మానలేదు. "ఎడమ సీటుకు చూపెందుకన్నా, నడిపెటోళ్లు చూస్తరు గద" అనేవాడు. ఒక నెల గడిచింది. ఆ రోజు అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో సింధూర అనే అమ్మాయికి నేర్పుతున్నాడు. గ్రూప్ వన్ పుస్తకాలు గుండెకి ఆనించుకుని ఒక కుర్రాడు ఎడమ వైపు నుంచి రోడ్డు మీదికి దిగాడు. సింధూరే కేకపెట్టి బ్రేకు తొక్కింది. బంపరు తగిలి పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. కుర్రాడికి ఏమీ కాలేదు.

ఉమాకాంత్ నేరుగా నా షాపుకి వచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది.

"నా కాలు లేవలేదన్నా," అన్నాడు. "గా పొల్ల తొక్కింది. నాకు నేర్పినట్టు తొక్కింది. నేను సూస్తనే ఉన్న, నాకు పొల్లగాడు కనవడలే."

ఆ మర్నాడు స్కూలు మూతపడింది. నడుం నొప్పి అని అరుంధతికి చెప్పాడు. పొద్దున తొమ్మిదికి నా షాపు తెరిచే వేళకి వచ్చి, మూలన కూర్చుని, వచ్చే పోయే వాహనాల చప్పుడు వింటూ ఉండేవాడు. ఇంట్లో కూర్చుంటే పిచ్చిలేస్తుందనేవాడు. నాకు జాలేసేది, విసుగూ వచ్చేది. రాష్ట్రం విడిపోతే నువ్వెటు పోతావని నన్ను ఏడిపించేవాడు. నేను ఎదురుగా ఉంటేనే నీకు కనిపిస్తాను, ఏ రాష్ట్రంలో ఉంటే నీకేంటయ్యా అని నేను అనేవాణ్ణి. ఇద్దరం నవ్వేవాళ్లం. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఒకరోజు ఉన్నట్టుండి అన్నాడు.

"అన్నా, దునియాల ఒక్కటే జాగ ఉన్నది నాకు. ఆడ అందరు ఒక్క దిక్కే పోతరు. స్కూటర్ అడ్డం రాదు, మనిషి అడ్డం రాడు, బర్రె అడ్డం రాదు. పక్క చూపుతోని పనే లేదు."

ట్రాకు గురించి అంటున్నాడని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక నోటికొచ్చినట్టు తిట్టాను. నీకు మతి పోయింది, నిన్ను కాదు, నీకు ఆ కారు చేసిచ్చినవాణ్ణి అనాలి అన్నాను. ఉమాకాంత్ తల వంచుకున్నాడు. భుజాలు కదులుతుంటే దగ్గుతున్నాడనుకున్నాను. ఏడుస్తున్నాడు. ఇన్నేళ్ల స్నేహంలో నేను అది చూడలేదు.

"పద్దెనిమిదేండ్లు పరాయోళ్ల చేతులల్ల కూసున్న. ఒక్కసారి నా చేతులతోని నేను నడపాలె. ఇంకో ఏడాదైతే గా నడిమిట్ల ఉన్నది గూడ పోతదేమో. ఒక్కసారన్నా. గంతే. తర్వాత లైసెన్సు నేనే పోయి ఇచ్చేసి వస్త."

కుదరదన్నాను. మూడు వారాలు కుదరదనే అన్నాను. నాలుగో వారం కంటి పరీక్షకి తీసుకెళ్తే డాక్టరమ్మ నన్ను కూడా కలిపి కోప్పడింది. మందు వేసుకోవడం లేదట. ఇంటికి తీసుకెళ్లిన సీసాలు మూత తీయకుండానే ఉన్నాయి. ఎందుకు మానేశావని మెట్ల మీద నిలదీశాను.

"ఏం సూసేదున్నదని ఎయ్యాలె?" అన్నాడు. బెదిరించినట్టు అనలేదు. నిజంగానే అడిగాడు.

అలా ఒప్పుకున్నాను. రోజూ పొద్దున నా షాపులో, నా ఎదురుగా మందు వేసుకోవాలి. ఫిబ్రవరిలో ట్రాకు క్లబ్బువాళ్లు సభ్యులు సరదాగా నడుపుకోవడానికి పెట్టే రోజున ఒక్కసారి నడపాలి. మర్నాడే లైసెన్సు ఇచ్చెయ్యాలి. ఉమాకాంత్ నా చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

ట్రాకు నిబంధనల కాగితం నేనే చదివాను. చదువుతూ చదువుతూ ఆగిపోయాను. ట్రాకు పక్కన మనుషులు జెండాలు పట్టుకుని నిలబడతారు. వెనకనుంచి వేగంగా బండి వస్తుంటే నీలం జెండా. ముందు ఏదైనా బండి అడ్డం తిరిగి ఆగితే పసుపు. అందరూ ఆగాలంటే ఎరుపు.

"జెండాలు పక్కనుంటాయి కదయ్యా!" అన్నాను.

ఉమాకాంత్ దాని గురించి అప్పటికే ఆలోచించాడు. "పక్కసీటు గూడ ఉన్నది గదన్నా" అన్నాడు.

ఆ రోజు పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోనిస్తారట, హెల్మెట్ ఉంటే చాలట. పైకప్పు లేని బండిలో గాలికి, ఇంజను రొదకి మాట వినబడదు. అందుకని సైగలు పెట్టుకున్నాం. నా కుడిచేత్తో అతని ఎడమ తొడ మీద ఒకసారి కొడితే నీలం, దారివ్వు. రెండుసార్లు కొడితే పసుపు, తగ్గు. పట్టుకుని పిండితే ఎరుపు, ఆగు. ఇన్నేళ్లూ అతను చేసిన పనే, ఇప్పుడు నేను చెయ్యాలి. బస్సు చూసి చేతులెత్తేసిన నేను.

షాపులో రెండు స్టూళ్లు పక్కపక్కన వేసుకుని అభ్యాసం చేశాం. ఉమాకాంత్ ఉత్త చేతులతో స్టీరింగ్ తిప్పేవాడు, గేర్లు మార్చేవాడు, ట్రాకు మలుపులన్నీ వరసగా నోటితో చెప్పేవాడు. అతనికి ఒక్క మలుపు కూడా మరుపు రాలేదు. నేను గోడ మీద అతికించిన పటంలో జెండాల చోటు చూసి తొడ మీద కొట్టేవాణ్ణి. ఒకసారి దమయంతి టీచరు అద్దాల కోసం వచ్చి, ఇద్దరు యాభై ఏళ్ల మగవాళ్లు స్టూళ్ల మీద ఊగుతుండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది సార్ ఇది?"

"వ్యాయామం" అన్నాను.

ఈదయ్యకి అప్పటికి డెబ్బై దాటాయి. అంబర్‌పేట షెడ్డులో టార్పాలిన్ తీసి, ఎర్రకారు బానెట్ మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డాడు. ఉమాకాంత్ కళ్ల సంగతి మేము ఆయనకి చెప్పలేదు. ఆయనకి చెప్పి ఉంటే ఒక్క బోల్టు కూడా బిగించేవాడు కాదు. "మల్ల నడుపుతవా బిడ్డా?" అని అడిగాడు. ఉమాకాంత్ తల ఊపాడు. నాలుగు నెలల్లో ఇంజను విప్పి కట్టాడు, పైపులు మార్చాడు, కొత్త టైర్లు వేయించాడు. కారు మొదటిసారి స్టార్టయినప్పుడు ఉమాకాంత్ దాని వెనక నిలబడి పొగ వాసన చూశాడు. ఆ ముఖం చూసి నేను చేసింది మంచిపనే అనుకున్నాను.

క్లబ్బువాళ్లు కంటి పరీక్ష కాగితం ఒకటి అడిగారు. దూరపు చూపు ఎంత, రంగులు తెలుస్తాయా, అంతే. నా షాపు కాగితం మీద నేనే రాసిచ్చాను. రెండు కళ్లూ ఆరుకి ఆరు. రంగులు తెలుస్తాయి. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పక్క చూపు గురించి వాళ్లు అడగలేదు, నేను రాయలేదు. అద్దాలు పెట్టుకోకుండా పెట్టుకున్నామనే వాళ్ల మీద అరిచే నేనే ఆ కాగితం మీద సంతకం చేసి స్టాంపు వేశాను.

2013 ఫిబ్రవరి మొదటి ఆదివారం. ఈదయ్య కారుని లారీ మీద ముందే తీసుకెళ్లాడు. మేమిద్దరం రైల్లో వెళ్లాం. అరుంధతికి పెళ్లి అని చెప్పాం.

పొద్దున మొదటి విడత ఐదు చుట్లు. బెల్టులు బిగించుకున్నాం. ఉమాకాంత్ హెల్మెట్ అద్దం దించుకుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, కాసేపు కదలకుండా కూర్చున్నాడు. తర్వాత క్లచ్ వదిలాడు.

నేను రాయగలిగింది కొంచెమే. షాపులో స్టూలు గుద్దుకునే మనిషి, గ్లాసు కోసం టేబులంతా తడుముకునే మనిషి, ఆ కారులో ఎక్కడా తడుముకోలేదు. మలుపు రాకముందే తల అటు తిప్పేవాడు. చేతులు హడావిడి పడేవి కాదు. మూడో చుట్టులో వెనక ఒక తెల్ల కారు వచ్చింది, నీలం జెండా ఊగింది, తొడ మీద ఒకసారి కొట్టాను. వెంటనే పక్కకి జరిగి దారిచ్చాడు. నా దెబ్బకి ఒక కారు కదిలిందని నాకు చిన్నపిల్లాడిలా సంబరమైంది.

దిగాక హెల్మెట్ తీసి టైర్ల కుప్ప మీద కూర్చున్నాడు. ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఈదయ్య బండి చుట్టూ తిరిగి చేత్తో టైర్లు తాకి చూస్తూ, "బాగ నడుపుతున్నవ్ రా" అన్నాడు. ఉమాకాంత్ నా భుజం పట్టుకున్నాడు.

"సూసినవా అన్నా? ఏమన్న తేడ ఉన్నదా? నాకు అన్ని కనవడ్డయి. నువ్వు నాకు కండ్లు ఇచ్చినవ్."

చాలు, ఇంక వెళ్దాం అని అప్పుడే అనాల్సింది. నాకు అనాలనిపించింది కూడా. మధ్యాహ్నం ఇంకో విడత ఉంది. అతని ముఖం చూసి అనలేకపోయాను.

రెండో విడతలో వేగం పెంచాడు. మొదటిసారి తగ్గించిన చోట ఈసారి తగ్గించలేదు. ట్రాకు వెనక వైపు కుడికి తిరిగే పొడవాటి మలుపు ఒకటి ఉంది. నాలుగో చుట్టులో ఆ మలుపులోకి వెళ్లగానే కారు వెనక భాగం జారింది. నా కింద సీటు పక్కకి కొట్టుకుపోతున్నట్టయింది. ఉమాకాంత్ చేతులు ఇటూ అటూ ఆడాయి. అతను దాన్ని సరిచేసుకుంటున్నాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు నేను చచ్చిపోతున్నాననుకున్నాను. రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను.

ఎంతసేపో తెలియదు. రెండు సెకన్లు, మూడు. ఎవరో అరిచినట్టు వినిపించింది. టప్ మని ఏదో తగిలింది. కళ్లు తెరిచేసరికి ఉమాకాంత్ బలంగా బ్రేకు తొక్కుతున్నాడు. వెనక్కి తిరిగి చూశాను. మలుపు దాటిన చోట ఎడమ అంచున ఒక నీలం కారు గిర్రున తిరిగి ఆగిపోయి ఉంది. దాన్ని నెట్టడానికి వచ్చిన ఇద్దరిలో ఒకడు గడ్డిలో చెయ్యి పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. మా కారు ఎడమ అద్దం ఊడిపోయింది. వాళ్లకి అవతల, మలుపు మొదట్లోనే, ఒక మనిషి పసుపు జెండా ఊపి ఊపి ఇప్పుడు దాన్ని కింద పడేసి పరిగెత్తుతున్నాడు.

ఎడమ వైపు. నా వైపు. నేను కూర్చున్న చోటు నుంచి ఆ జెండా అరచేతిలో గీతంత స్పష్టంగా కనిపించేది.

ఆ మనిషి మోచెయ్యి విరిగింది. ఇంకో అడుగు ఇటు నిలబడి ఉంటే ఏమయ్యేదో అక్కడివాళ్లు మా ముఖాన చెప్పారు. క్లబ్బు గదిలో ఒక పెద్దాయన మా ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు. జెండా చూడలేదా?

"సూడలేదు సార్," అన్నాడు ఉమాకాంత్. "నాకు పక్క చూపు లేదు. నీటికాసులు. తప్పు నాదే. ఈయన టైంకే సైగ చేసిండు, నేనే అందుకోలే."

గుమ్మంలో నిలబడ్డ ఈదయ్య ఉమాకాంత్ వైపు చూసి, బయటికి వెళ్లిపోయాడు. పెద్దాయన నేను రాసిచ్చిన కాగితం తీసి, ఇది ఎవరిచ్చారన్నాడు. అబద్ధం చెప్పి రాయించుకున్నాను, అప్పటికి ఈయనకేమీ తెలియదని ఉమాకాంత్ అన్నాడు.

నా నోరు పెగల్లేదు. నేను కళ్లు మూసుకున్నానని చెప్పడానికి రెండు మాటలు చాలు. ఉమాకాంత్‌కి అంతా తెలుసు, నన్ను కాపాడుతున్నాడు, ఇప్పుడు నేను మాట్లాడితే అతని మాట అబద్ధమైపోతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. పిరికితనం ఎప్పుడూ ఇలాంటి మంచి మాటలే వెతుక్కుంటుంది. వాళ్లు అతని పేరు కొట్టేశారు. మళ్లీ ఆ గేటు దాటి లోపలికి రాకూడదన్నారు. నన్ను మాత్రం మంచినీళ్లు తాగమన్నారు.

మర్నాడు ఉమాకాంత్ లైసెన్సు ఇచ్చేశాడు. అరుంధతికి అంతా తనే చెప్పాడు. ఆమె నా షాపుకి వచ్చింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను.

"పక్కకు నువ్వు లేకుంటే ఏమైతుండెనో అన్నా," అంది. నాకు దండం పెట్టింది.

ఆ దండం నేను తీసుకున్నాను.

మద్రాసు మనిషి చెయ్యి అతికిందని తెలిసింది. ఉమాకాంత్ ఆయనకి రెండుసార్లు ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. ఈదయ్య మళ్లీ అతనితో మాట్లాడలేదు. స్కూలు బోర్డు దించేశారు. నేను అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. చూపు నిలిచే ఉంది, మందు వేసుకుంటున్నాడు. కానీ మనిషి మాత్రం తగ్గిపోతూ వచ్చాడు. ముందు రోడ్డు దాటడం మానేశాడు. తర్వాత మెట్లు దిగడం మానేశాడు. చిక్కడపల్లి నుంచి నా షాపుకి ఒక్కడే నడిచొచ్చేవాడు, ఇప్పుడు అరుంధతి చెయ్యి పట్టుకుంటేనే గడప దాటుతున్నాడు. నరాల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లారట. సుత్తితో మోకాలు కొట్టి, సూదితో గుచ్చి చూసి, కాళ్లకి ఏమీ లేదన్నారట. ఎందుకు వెళ్లారని అరుంధతిని అడిగితే, ఆమెకి కూడా తెలియదంది. చూపు పోయేకొద్దీ మనిషికి భయం పెరుగుతుంది, అంతే అనుకున్నాను.

2014 జూన్‌లో, తెలంగాణ వచ్చిన వారం, అరుంధతి అతన్ని నా షాపులో దింపి కూరలకి వెళ్లింది. వీధిలో ఇంకా గులాబీ రంగు కాగితాలు ఎగురుతున్నాయి. ఎటు పోతావని ఈసారి ఏడిపించలేదు. నా వైపు కాదు, ఎదురుగా గోడ వైపు చూస్తూ అన్నాడు.

"అన్నా, ఏడాదిన్నర సంది ఒక్క మాట అడుగుదామనుకుంటున్న. కోపం రానియ్యకు."

"అడుగు."

"గా రోజు నువ్వు నా తొడ మీద కొట్టినవ్ గద. గా మలుపుల. నాకు జరంత గూడ తెల్వలే. క్లచ్ తొక్కుతున్న టైముల కొట్టినవేమో అనుకున్న. కాదు, గాడ క్లచ్ తొక్కే పని లేదు. మల్ల మల్ల యాది చేసుకున్న. కాలు ఊరికెనే ఉన్నది. అయినా తెల్వలే. కండ్లు వోతే వోయినయ్. నా పానం ఏది మొద్దువారుతుందో నాకే సమజయితలేదన్నా. అడుగు పెడితే నేల తాకిందో లేదో నమ్మకం లేదు. డాక్టర్ ఏం లేదంటడు. నేనెట్ల నమ్మాలె? నువ్వు కొట్టినవ్, నాకు తెల్వలే."

అప్పుడు నాకు తెలిసింది. క్లబ్బు గదిలో కాగితం విషయంలోనే అతను నన్ను కాపాడాడు, సైగ విషయంలో కాదు. తను నమ్మినదే చెప్పాడు. పక్కన కూర్చున్న నేను అతనికి కనిపించను. నా చేతులు కడ్డీ మీద ఉన్నాయని, నా కళ్లు మూసుకుని ఉన్నాయని అతనికి తెలిసే దారే లేదు. పక్కన ఉన్నవాడు తన పని చేసే ఉంటాడని అతను అనుకున్నాడు. పద్దెనిమిదేళ్లు ఎడమ సీట్లో కూర్చుని ఒక్కసారి కూడా కళ్లు మూయనివాడు ఇంకెలా అనుకుంటాడు? నేను కొట్టనిదాన్ని పట్టుకుని, బాగున్న కాళ్లని నమ్మడం మానేశాడు.

ఒక్క మాట. కొట్టలేదయ్యా, భయంతో కళ్లు మూసుకున్నాను అంటే చాలు. అతను లేచి నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయేవాడు. నాకేసి ఇంక ఎప్పుడూ చూడడేమో, అంతే. నేను నోరు తెరిచాను. కౌంటరు మీద గుడ్డ తీసుకుని, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాను.

"గట్టిగ కొట్టినవా అన్నా?" అన్నాడు.

"గట్టిగానే కొట్టాను" అన్నాను.

ఉమాకాంత్ తల ఊపాడు. ఎడమ తొడ మీద చెయ్యి వేసుకుని, వేళ్లతో నొక్కి చూసుకుంటూ, అరుంధతి వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.